తోకచుక్కకి కొలతలు

కోడలు తన చేతిలోంచి కత్తెర లాక్కున్న రోజు నుంచి కటింగ్ మాస్టరమ్మ ఆమెతో కొలతలు తప్ప మాట్లాడటం మానేసింది. "చెయ్యి పొడవెంత?" "యాభై ఎనిమిది." "మెడ?" "ముప్ఫై ఎనిమిది." అంతే. ఎనిమిది నెలలుగా ఆ దర్జీ షాపులో అత్తాకోడళ్ళ సంభాషణ ఇదే. బయటివాళ్ళు చూసి, ఎంత సామరస్యంగా ఉన్నారో అని ముక్కున వేలేసుకునేవాళ్ళు.

జరిగింది పెద్ద విషయమేమీ కాదు, అంటే చెప్పుకోవడానికి. ఖరీదైన కోటు గుడ్డ మీద అత్తగారు సుద్దగీత వదిలేసి, దాని పక్కనించి బారెడు పొడుగునా కోసేసింది. నలభై ఏళ్ళుగా ఆ వీధిలో సగం మంది ఒంటి మీద గుడ్డల్ని కోసిన చెయ్యి అది. కోడలికి కంగారు పుట్టింది. గిరాకీల ముందే, "ఇక చాలు, ఇలా ఇవ్వండి" అని కత్తెర లాగేసుకుంది. ఆ తర్వాత వారం కొడుకు తల్లిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. అతను గూడ్సు రైలు నడుపుతాడు, ఇంట్లో ఉండేది వారానికి రెండు రోజులు. "కంటి వెనకాల నరమేదో పాడైందట, అద్దాలతో పనికాదట, పోనుపోను ఇంకా తగ్గుతుందట" అని భార్యకి మూడు ముక్కల్లో చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయాడు. అంతకంటే వివరం అత్తగారు చెప్పలేదు, కోడలు అడగలేదు.

కోడల్ని కాల్చుకు తింటున్నది చూపు సంగతి కాదు, చూపు తిరిగిన వైపు. ఒకప్పుడు అత్తగారు మాట్లాడితే ఎదుటివాళ్ళ కళ్ళలోకి సూటిగా చూసేది, ఆ చూపుకి దారం ఎక్కించడం కూడా మర్చిపోయేవాళ్ళు కొత్త పనివాళ్ళు. ఇప్పుడు కోడలితో మాట్లాడితే మొహం ఇస్త్రీ బల్లకేసి ఉంటుంది, లేదంటే తలుపుకేసి. నీ మొహం కూడా చూడను పో, అన్నట్టు. పోనీ ఒక్కమాటు అడిగెయ్యొచ్చు కదా అంటారా? అడిగితే జవాబొస్తుంది. కోడలి భయమంతా ఆ జవాబు గురించే.

అలాంటి రోజుల్లో లిఫ్టు మెకానిక్ ఖాకీ కోటుకి జిప్పు వేయించుకోవడానికి వచ్చాడు. షాపు ఏడంతస్తుల మేడలో కింద గది. ఆ మేడ లిఫ్టూ ఇతని చేతికిందే నడిచేది, నడవనప్పుడు తిట్లూ ఇతనికే. మనిషికి ఆకాశం పిచ్చి. డాబా మీద మోటారు గది తాళం తన దగ్గరుండబట్టే ఈ ఉద్యోగంలో చేరానని చెప్పుకుంటాడు. అతను వచ్చిన వేళకి రేడియోలో తోకచుక్క వార్త వస్తోంది.

"నాయనా, అది మనకీ కనిపిస్తుందా?" అని అడిగింది అత్తగారు, బొత్తాలు ఏరుతూ.

అడగాలే గాని అతను ఆగుతాడా! కనిపిస్తుంది గాని చాలా మసగ్గా ఉంటుందన్నాడు. సూర్యుడు దిగిన ముప్పావుగంటకి, పడమటి వైపు, నేలని ఆనుకున్నట్టుగా కిందికి ఉంటుంది. రోజురోజుకీ ఇంకా దిగుతుంది. ఈ అయిదు సాయంత్రాలే గడువు, ఆ తర్వాత సూర్యుడి వెలుగులో కలిసిపోతుంది.

"మళ్ళీ ఎప్పుడొస్తుందో?"

"ఎనిమిది వేల ఏళ్ళకట పెద్దమ్మా."

"సరే అయితే, అప్పటికి నీ జిప్పు మళ్ళీ పాడవుతుందిలే, రెండు పనులూ చూసుకుని వెళ్దువుగాని." ఆవిడ ఇంకో బొత్తాం ఏరి, "దాని తోక వెనకాలేనా ఉండేది?" అంది.

"అదే తమాషా. తోక ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కునే ఉంటుంది. సూర్యుడి దగ్గరికొచ్చేటప్పుడు వెనకుంటుంది, వదిలి వెళ్ళేటప్పుడు తోకే ముందు నడుస్తుంది."

ఆవిడ చేతిలో బొత్తాన్ని అటూ ఇటూ తిప్పింది. "ముందు తోకా, వెనక తలా! మరి దాన్ని తోకని ఎందుకంటారు?"

ఇన్నేళ్ళలో తనకి ఆ అనుమానం రానందుకు మెకానిక్ చిన్నబోయినట్టు కనిపించాడు. ఆవిడ మాత్రం తలుపుకేసి మొహం పెట్టి, ఎవరికీ చెప్పనట్టుగానే అంది: "కళ్ళు పూర్తిగా ఆరిపోయేలోగా కొత్త వస్తువొక్కటి చూడాలనుంది. పాతవన్నీ ఎలాగూ గుర్తున్నాయి."

మిషను తొక్కుతున్న కోడలి కాలు ఆగిపోయింది. ఎనిమిది నెలల్లో ఆవిడ నోటినుంచి వచ్చిన మొదటి కోరిక అది. ఇది తీరిస్తే ఆ కత్తెర సంగతి కాస్తయినా చల్లబడుతుందేమో. తీర్చకపోతే ఇక ఈ జన్మకి ఇస్త్రీ బల్లే దిక్కు. కోడలు లేచి వచ్చి, "ఎంత కిందికుంటుందో చెప్పు తమ్ముడూ, నేను చూపిస్తాను" అంది.

"డిగ్రీల్లో చెప్పాలక్కా."

"డిగ్రీలూ గిగ్రీలూ మాకు తెలీవు. కొలత చెప్పు."

అతను ఆవిడ మెడలో వేలాడుతున్న టేపు చూసి పకపకా నవ్వాడు. "పరికరం మెడలో వేసుకునే తిరుగుతున్నావుగా! కంటికి యాభై ఏడు సెంటీమీటర్ల దూరంలో టేపు పట్టుకో. అప్పుడు టేపు మీద ఒక సెంటీమీటరు, ఆకాశంలో ఒక డిగ్రీ. దూరం తప్పకుండా దారమొకటి కట్టి, కొస పళ్ళతో పట్టుకో." అయిదు రోజుల కొలతలూ చెప్పాడు: ఇవాళ ఆకాశం నేలని ఆనే గీత నుంచి ఎత్తు ఎనిమిది, పడమటి వైపు కనిపించే రేడియో టవరుకి ఎడమగా మూడు. రేపు ఎత్తు ఏడు, ఎడమగా నాలుగు. అలా రోజుకొకటి చొప్పున దిగుతూ, ఎడమకి జరుగుతూ, ఆఖరి రోజు ఎత్తు నాలుగు, ఎడమగా ఏడు. కోడలి చెయ్యి అలవాటుకొద్దీ కొలతల పుస్తకంలో గబగబా రాసుకుపోయింది.

సాయంత్రాలు అతనికి ఊరి అవతలి ఆసుపత్రిలో డ్యూటీ. అందుకని డాబా తాళంచెవీ, తన చిన్న టెలిస్కోపూ, దాన్ని పిట్టగోడకి బిగించే స్టాండూ ఇచ్చి వెళ్ళాడు. "ఇందులో కనిపించేది చాలా చిన్న ముక్కక్కా, చాచిన చేతి మీద చిటికెనవేలి గోరంత ఆకాశం. ఆ ముక్క సరిగ్గా పట్టకపోతే పక్కనున్నా దొరకదు" అని మరీ మరీ చెప్పాడు.

మొదటి సాయంత్రం ఇద్దరూ డాబా ఎక్కారు. నీళ్ళ ట్యాంకు, బట్టలారేసే తీగలు, లిఫ్టు కదిలినప్పుడల్లా గుర్రుమనే మోటారు గది. పడమర చివరి ఇళ్ళు దాటాక చదును నేల, దాని మీద ఆకాశం గీత గీసినట్టు ఆనుకుని ఉంది. అత్తగారు ముక్కాలిపీట మీద కూచుంది. కోడలు దారం పళ్ళతో పట్టుకుని, టేపు నిలువుగా పట్టి, ఆ రోజు కొలత మీద గుచ్చిన గుండుసూది టవరు మీద ఎక్కడికొచ్చిందో చూసి, టెలిస్కోపుని ఆ ఎత్తుకి బిగించింది. అడ్డంగా కొలిచి, ఎడమకి తిప్పింది. కన్ను పెట్టింది.

"ఏముంది?" అంది అత్తగారు.

"ఆకాశముంది."

"ఏ రంగుంది?"

"కింద నారింజ, దాని మీద... ఏమంటారు, ఉతికుతికి వెలిసిన ఆకుపచ్చ."

"లైనింగు గుడ్డ రంగా?"

"ఆఁ, అదే!"

ఆ తర్వాత ఒక పక్షి, ఒక విమానం, ఒక తెగిన గాలిపటం టెలిస్కోపులోంచి నడిచి వెళ్ళాయి. తోకచుక్క మాత్రం రాలేదు. అత్తగారు కూడా ఓసారి వంగి చూసి, లేదంది. దిగొస్తుంటే మాత్రం, ఆ పక్షి ఏ పక్షి, విమానం దీపాలు ఎన్ని అని మెట్టుమెట్టుకీ ప్రశ్న వేసింది. కోడలికి ప్రాణం లేచొచ్చింది. తోకచుక్క దొరక్కపోయినా మాటలు దొరికాయి కదా అనుకుంది.

రెండో రోజు దొరికిందని కోడలు కేక కూడా పెట్టింది. తెల్లగా, మసగ్గా, తోకతో సహా ఉంది. రెండు నిమిషాల్లో అది ఊరి బయట ఏదో ఫ్యాక్టరీ పొగ అని తేలింది. మూడో రోజు అరగంట కళ్ళు కాయలు కాచేలా చూస్తే మిగిలింది మెడనొప్పి. ఆకాశం అద్దంలా ఉంది, మబ్బు తునకైనా లేదు, అయినా లేదు.

నాలుగో రోజు పొద్దున్నే మెకానిక్ షాపులోకి తొంగిచూశాడు. "చూశారా? నేను మూడు రోజులూ ఆసుపత్రి డాబా మీంచి చూశాను. మసకే గాని, ముచ్చటగా ఉంది!"

కోడలు మనసులో లెక్క కట్టుకుంది. అంటే తోకచుక్క ఉంది, ఆకాశం బాగుంది, చూసేవాళ్ళలోనే ఏదో తేడా ఉంది. ఆ సాయంత్రం చూద్దామంటే మధ్యాహ్నానికే మబ్బులు కమ్మేశాయి. షాపు తలుపు సగం మూసి, కోడలు బల్ల దగ్గర తల పట్టుకు కూచుంది. ఇక ఒక్క రోజే మిగిలింది.

"ఆ టేపు ఇటివ్వు" అంది అత్తగారు.

ఇచ్చింది. ఆవిడ టేపుని వేళ్ళ మధ్య పెట్టుకుని కొసనుంచి తడుముతూ వచ్చింది. అంకెలు కనిపించకపోయినా ఆవిడకి టేపు కంఠతా వచ్చు. గుండుసూది దగ్గర వేళ్ళాగాయి.

"ఇది ఏ రోజుది?"

"ఇవాళ్టిదే. పుస్తకం చూసే గుచ్చాను."

"ఆ అబ్బాయి ఇవాళ్టికి ఎత్తెంతన్నాడు?"

"ఏడు."

"అయిదన్నాడు. నేను విన్నాను. ఎడమకి ఆరన్నాడు. నువ్వు ఏడు మీదా, ఎనిమిది మీదా గుచ్చావు." ఆవిడ గుండుసూదుల మీద మళ్ళీ ఓసారి వేలు నడిపింది. తర్వాత మెల్లగా, "పుస్తకంలో ఎవరు రాశారు?" అంది.

"నేనే."

"మన కొలతల పుస్తకంలోనేనా?"

అప్పటికి వెలిగింది కోడలికి. ఆ షాపుకి ఒక పద్ధతుంది, ఈ అత్తగారు పెట్టిందే. లోకంలో దర్జీలంతా ఒంటి కొలత రాసుకుని, కోసేటప్పుడు కుట్టుకి కాస్త గుడ్డ అదనంగా వదులుతారు. ఈవిడ మాత్రం, కొలత చెవిన పడగానే ఈ పక్కకొకటి ఆ పక్కకొకటి మొత్తం రెండు సెంటీమీటర్లు కలిపే రాయమంటుంది. "రాసేటప్పుడే కలిపెయ్, కోసేటప్పుడు బుర్రకి పని పెట్టకు" అని పదిహేనేళ్ళ కిందట కోడలి నెత్తిన మొట్టి మరీ నేర్పింది. కోడలి చేతికి అది ఎంతగా పట్టిందంటే, ఒకసారి వడ్రంగికి కటింగ్ బల్ల కొలతలు రాసిస్తే, తయారైన బల్ల గోడల మధ్య ఇమడక చెక్క చెక్కాల్సి వచ్చింది. ఇప్పుడు ఆకాశానికీ అదే చేసింది.

"నిలువుకీ వదిలావు, అడ్డానికీ వదిలావు," అంది అత్తగారు. "తోకచుక్కకి చొక్కా కుడుతున్నావటే?"

అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంది, కళ్ళనీళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. కోడలు కూడా సిగ్గుపడుతూనే నవ్వింది. అయితే అంత నవ్వులోనూ అత్తగారి మొహం ఇస్త్రీ బల్లకేసే ఉండటం ఆవిడ చూసింది. నవ్వైనా నాకేసి నవ్వచ్చు కదా అనుకుంది.

మర్నాడు మూడింటిదాకా మబ్బు కదలలేదు. నాలుగింటికి గాలి లేచింది. అయిదింటికి పడమర శుభ్రంగా ఊడ్చినట్టయింది. సరిగ్గా బయల్దేరే వేళకి ఒక గిరాకీ వచ్చి, కోటు ఒకసారి వేసి చూసుకుంటానన్నాడు. "రేపు రండి, ఇవాళ ఆకాశంలో అర్జెంటు పనుంది" అని కోడలు షట్టరు దించేసింది.

డాబా మీద ఈసారి ఇద్దరూ కలిసే గుండుసూదులు గుచ్చారు. ఒక్కొక్కటీ అత్తగారు తడిమి సరేనన్నాకే కోడలు దారం పళ్ళకి అందించుకుంది. ఎత్తు నాలుగు, ఎడమగా ఏడు, కుట్టుకి దారప్పోగంత కూడా వదల్లేదు. నాలుగంటే టవరుకి సగం కూడా కాదు, ఇళ్ళ కప్పుల మీద రెండు వేళ్ళెత్తు. అక్కడ ఆకాశం ఇంకా ఎర్రగానే ఉంది. ఎరుపు కాస్త తగ్గాక, తోకచుక్క నేలలోకి దిగిపోయేలోగా, మహా అయితే పది నిమిషాలుంటాయి.

కోడలు కన్ను పెట్టింది. ఏమీ లేదు. రెప్ప వెయ్యకుండా గుండ్రానికి నట్టనడిమి చూసింది. కంట్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకుని మళ్ళీ చూసింది. టెలిస్కోపుని తల వెంట్రుకంత పైకి, అంత కిందికి కదిపింది. నాలుగు నిమిషాలు పోయాయి.

"లేదత్తయ్యా," అంది, ఏడుపు దాచుకోకుండానే. "అన్నీ సరిగ్గానే పెట్టాను. లేదు."

"తప్పుకో, నేను చూస్తాను."

ఆవిడ వంగింది. కన్నయితే గొట్టానికి ఆనించింది గాని, చూపు ఎటో కుడి పక్కకి, నీళ్ళ ట్యాంకుకేసి పోతున్నట్టుంది. కోడలికి ఉన్న నిమిషాలు కాస్తా కారిపోతున్నాయని కంగారు. "సూటిగా చూడండత్తయ్యా, మధ్యకి!"

"నువ్వుండవే."

కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యలేక కిక్కు మీద కిక్కు కొడుతున్నారు.

"ఉంది," అంది అత్తగారు.

"ఏదీ?"

"ఉందే అమ్మాయ్! నల్లగుడ్డ మీద సుద్ద దులిపాక కాస్త మరక మిగుల్తుంది చూడు, అలా ఉంది. చిన్న తల. తోక నిలువుగా పైకి లేచి, చివర ఎడమకి వాలింది. సూర్యుడు అటు కిందికి దిగాడు కాబట్టి తోక ఇటు పైకి. ఆ అబ్బాయి చెప్పింది నిజమే!"

కోడలు నమ్మలేదు. గుడ్డ మీద సుద్దగీత కనిపించని మనిషికి ఇది కనిపించడమా? తన ఏడుపు విని జాలిపడి అబద్ధమాడుతోంది, ఈ తతంగం ముగిస్తే చాలనుకుంటోంది అనుకుంది. అయినా కన్ను పెట్టింది. గుండ్రం ఖాళీగా ఉంది.

"నాకు కనిపించడం లేదు."

"ఎటు చూస్తున్నావు?"

"నట్టనడుమ."

"అదే నువ్వు చేసే తప్పు. దాని మీదే కన్ను పెడితే అది ఉండదు. గుండ్రం కుడి అంచుకేసి చూడు. కన్ను అంచు మీద పెట్టి, మనసు మధ్యలో పెట్టు."

కోడలు కన్ను అంచుకి జరిపింది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేలోగా, చూడని చోట, మధ్యలో, ఏదో తెల్లగా పుట్టింది. చిన్న తల, పైకి లేచిన తోక, చివర ఎడమకి వంపు. ఆత్రంగా దానికేసి తిరిగింది. మాయం. మళ్ళీ అంచుకి చూసింది. వచ్చింది! అత్తగారు చెప్పింది చెప్పినట్టు, ఆ ఎడమ వంపుతో సహా.

"ఉందత్తయ్యా! చూస్తే పోతోంది, చూడకపోతే వస్తోంది! ఎవరు చెప్పారు మీకీ కిటుకు?"

"ఎవరు చెప్పాలి? నాకు ఏదైనా అలాగే కనిపిస్తుంది. నట్టనడుమ మసకముద్ద ఒకటి కూచుంది, చుట్టూరా బాగానే ఉంది. ఏది చూడాలనుకుంటే దాని పక్కకి చూడాలి. నేరుగా చూశానంటే అది పోతుంది. ఆ కోటు గుడ్డ మీద గీత అలాగే పోయింది. కిటుకు తెలియడానికి నాకూ నెలలు పట్టింది."

కోడలు గొట్టం మీంచి తల ఎత్తలేదు. తోకచుక్క నేలమీది దుమ్ములో కరిగిపోతోంది. తల ముందు పోయింది, తోక ఇంకాసేపు ఉంది, అదీ పోయింది. ఖాళీ ఆకాశంలోకి చూస్తూనే ఆవిడ అడిగింది: "అయితే నాతో మాట్లాడేటప్పుడు ఇస్త్రీ బల్లకేసి చూడటం..."

"బల్లకేసి చూస్తేనే కదే నువ్వు కనిపించేది. నీకేసి చూస్తే నీ చెవులుంటాయి, మెడలో టేపుంటుంది, మధ్యలో మొహముండదు."

"కోపమనుకున్నాను. ఎనిమిది నెలల్నుంచి."

"కోపం కూడా ఉంది," అంది అత్తగారు తడుముకోకుండా. "అది వేరే. నువ్వడిగితే ఇచ్చేదాన్ని. పదిమందిలో లాక్కున్నావు."

మోటారు గది గుమ్మం మీది బల్బు వెలిగింది. కోడలు లేచి, చీకటిపడుతున్న వీధికేసి తిరిగి అంది: "తప్పయిపోయింది అత్తయ్యా."

అత్తగారు ముక్కాలిపీట మీంచి లేచి, కోడలి భుజం పట్టుకుని బల్బు వెలుగులోకి తిప్పుకుంది. తను మాత్రం మొహం పక్కకి తిప్పి, నీళ్ళ ట్యాంకుకేసి చూస్తూ నిలబడింది.

"ఆఁ, ఇప్పుడు కనిపిస్తున్నావు. మళ్ళీ చెప్పు."

కోడలు కళ్ళు తుడుచుకోకుండానే మళ్ళీ చెప్పింది.